స్లాబు ఉరవకుండా మెంబ్రేన్ పరచడం, స్కైలైట్ బిగించడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే స్లాబు మీదా పడుతుంది. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు 43, 44 డిగ్రీలు మామూలే. ఆ వేళకు స్లాబు పైముఖం 60 డిగ్రీలు దాటి ఉంటుంది. మృగశిర వచ్చిందంటే పగలంతా ఎండ, పొద్దుగూకే వేళకు గాలివాన. కాలిన కాంక్రీటు కాసేపట్లోనే చల్లబడి ముడుచుకుంటుంది. 40 అడుగుల స్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 4 మి.మీ. కుదించుకుపోతుంది. స్లాబు నడుమ ఈ కదలిక కంటికి కనపడదు. అడ్డు తగిలిన చోట, అంటే పిట్టగోడ మొదట్లో, వాన నీటి పైపు చుట్టూ, స్కైలైట్ (వెలుతురు కోసం స్లాబు కన్నం మీద పెట్టే గ్లాసు) గట్టు అడుగున పర్రె పడుతుంది. ఇల్లు ఉరిసేది ఎక్కువగా ఈ మూడు చోట్ల నుంచే.

కాబట్టి మెంబ్రేన్, అంటే నీరు దూరని తారు షీటు, పరిచే ఈ పనిలో డబ్బూ, టైమూ, శ్రద్ధా ముందు అంచులకు పెట్టాలి. మధ్యలో షీటు పరచడం రెండు రోజులు పక్కన నిలబడి చూస్తే వస్తుంది. అంచు కట్టడం తెలియని చేతికి ఎంత ఖరీదైన రోల్ ఇచ్చినా మొదటి వానకే నీళ్లు దిగుతాయి. మేస్త్రీతో బేరం మాట్లాడేటప్పుడు చదరపు అడుగుకు ఎంత అని అడిగే ముందు, పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కిస్తావు, పైపు నోట్లోకి షీటు దించుతావా, స్కైలైట్ మూలకు ఎన్ని ముక్కలు వేస్తావు అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషికే పని ఇవ్వండి.

పని మొదలుపెట్టడానికి మంచి కాలం శివరాత్రి తర్వాత. ఏప్రిల్ నెలాఖరుకు ముగించేలా చూసుకోవాలి. కింద చెప్పిన వాలు సిమెంటు వేయడం, తడపడం, ఆరబెట్టడం అన్నీ కలిపితే నెలకు పైనే పడుతుంది. తొలకరి మీద పడ్డాక హడావుడిగా చేసినది మళ్లీ వేసవికి చేయాల్సి వస్తుంది. ఇదంతా ఆర్‌సీసీ స్లాబు సంగతి. కట్టె దూలాలు, మట్టి వేసిన పాత మిద్దె మీద నిప్పు పెట్టి అంటించే మెంబ్రేన్ వేయకూడదు. దూలాలకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది, మట్టికి షీటు అంటనే అంటదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోవడం

గదిలో చుక్క పడే చోటికి సరిగ్గా పైన చిల్లు ఉంటుందనుకోవద్దు. పిట్టగోడ దగ్గర దూరిన నీరు పై సిమెంటుకూ స్లాబుకూ మధ్య పారి పది పదిహేను అడుగుల దూరంలో కిందికి దిగుతుంది. స్లాబులో వేసిన కరెంటు పైపులు కాల్వల్లా పనిచేస్తాయి. అందుకే చాలా ఇళ్లలో ముందు కారేది ఫ్యాన్ హుక్కు బాక్సు దగ్గర. అక్కడ తడి కనపడితే మొదట ఆ గది మెయిన్ ఆపి, తర్వాత కారణం వెతకండి.

వానాకాలమే కాదు, ఎండాకాలంలోనూ చెమ్మ ఉంటే అది వాన నీరు కాదు. మీద ఉన్న నీళ్ల ట్యాంకు, దాని ఓవర్‌ఫ్లో పైపు, సోలార్ హీటర్ జాయింట్లు చూడండి. ట్యాంకు పొంగి అదే మూల ఏడాదంతా నానుతున్న ఇళ్లు ఎన్నో. మూడు రోజులు ట్యాంకు పొంగకుండా చూసుకుంటే సంగతి తెలిసిపోతుంది.

వాన నీరే అని తేలితే, డాబాను ఇసుక సిమెంటు గట్లతో మూడు నాలుగు మడులుగా చేసి, ఒక్కో మడిలో 2 ఇంచుల నీళ్లు 24 గంటలు నిలపాలి. పైపు దగ్గరి పల్లపు మడితో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఏ మడి నింపినప్పుడు గదిలో చెమ్మ కొత్తగా పాకిందో రాసుకోండి. తర్వాత సుత్తెతో పై సిమెంటును అడుగడుక్కీ తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చినంత మేర చాక్‌పీసుతో గీసి పూర్తిగా తవ్వేయాలి. డొల్ల మీద ఎంత మంచి షీటు వేసినా కింది సిమెంటుతో సహా ఊడి వస్తుంది.

వాలు, పైపులు

మన వైపు ఏడాది మొత్తం మీద వాన తక్కువే, కానీ పడినప్పుడు కుండపోతగా పడుతుంది. 2020 అక్టోబర్ రెండో వారంలో హైదరాబాద్‌ను ముంచిన వానలు ఎవరూ మరిచిపోలేదు. గంటకు 100 మి.మీ. వాన లెక్కకు 4 ఇంచుల పైపు ఒక్కటి సుమారు 460 చదరపు అడుగుల డాబా నీటిని దించగలదు. 30 అడుగులకు 40 అడుగుల ఇల్లు, అంటే 1200 చదరపు అడుగులకు మూడు పైపులు కావాలి. చాలా ఇళ్లకు ఉండేది ఒకటే, దానికీ వేపాకులు అడ్డం. వానకు డాబా చెరువై నీళ్లు షీటు అంచు కంటే పైకి లేస్తే మెంబ్రేన్ ఉన్నా లాభం లేదు. ఎలాగూ పని పెట్టుకున్నారు కాబట్టి ఆ రెండో మూడో పైపు ఇప్పుడే వేయించండి.

వాలు 80కి 1 ఉండాలి. 20 అడుగుల దూరానికి 3 ఇంచుల తేడా వస్తుంది. 100కి 1 కంటే తగ్గితే నీళ్లు నిలుస్తాయి. పైపు దగ్గర మందం 1 ఇంచుకు తగ్గకుండా పెట్టి, లెవల్ పైపుతో కొలిచి, 6 అడుగులకో గుర్తు దిమ్మె పెట్టి దారం కట్టాలి. కంటి అంచనా పనికిరాదు. 1200 చదరపు అడుగులకు సగటున 2 ఇంచుల మందంలో, బేబీ చిప్స్‌తో (సన్న కంకర) 1:2:4 పాళ్లలో వేస్తే 36 బస్తాల సిమెంటు, 88 ఘనపు అడుగుల దొడ్డు ఇసుక, 176 ఘనపు అడుగుల చిప్స్ పడతాయి. బస్తాకు 200 మి.లీ. చొప్పున వాటర్‌ప్రూఫింగ్ ద్రావణం కలపడం మామూలు. డబ్బా మీద ఇంకో కొలత ఉంటే అదే పాటించండి. వేసే ముందు పాత స్లాబును ఉలితో గీకి, కడిగి, తడిగా ఉండగానే సిమెంటు పాలు పూయాలి. 2 ఇంచుల సిమెంటు చదరపు మీటరుకు 115 కిలోల పైచిలుకు బరువు. కింద రాడ్లు తుప్పు పట్టి పెచ్చులూడుతున్న స్లాబైతే ఈ బరువు ఎక్కించే ముందు ఇంజనీరుకు చూపించి తీరాలి.

వాలు వేసేటప్పుడే పైపు నోటి చుట్టూ ఒక అడుగు చదరంలో ముప్పావు ఇంచు పల్లం చేయాలి. ఇది మరిచిపోతే, రెండు పొరల షీటు మందం వల్ల పైపు నోరే ఎత్తుగా మారి చుట్టూ నీళ్లు నిలుస్తాయి.

పిట్టగోడ స్లాబును కలిసే మూలను తొంభై డిగ్రీల కోణంలో వదలొద్దు. షీటు అంత పదునుగా మడిస్తే లోపలి బట్ట విరుగుతుంది, వెనక ఖాళీ మిగులుతుంది. 3 ఇంచుల మేర గుండ్రంగానో, ఏటవాలుగానో సిమెంటు నింపి నున్నగా రుద్దాలి. పిట్టగోడకు నేల నుంచి 9 ఇంచుల ఎత్తులో ఒక ఇంచు లోతు, ఒక ఇంచు వెడల్పు గాడి కట్టర్‌తో కోయాలి. షీటు చివర దూరేది అందులోకే.

ఏడు రోజులు నీళ్లు కట్టి తడపండి. ఆ తర్వాత కనీసం రెండు వారాలు ఆరనివ్వండి.

ఆరిందా లేదా

ఎండిపోయినట్టు కనపడే సిమెంటు లోపల తడి దాచుకుంటుంది. మూడడుగుల పాలిథిన్ ముక్కను నేల మీద పరిచి నాలుగు అంచులా టేపు అంటించి ఒక పగలు, ఒక రాత్రి వదలండి. తెల్లారి కింద చెమట పట్టినా, సిమెంటు రంగు ముదిరినా ఇంకో వారం ఆగాలి. తడి మీద షీటు అంటిస్తే ఆ తడి ఎండకు ఆవిరై షీటును పైకి నెడుతుంది. వేసిన నెలకే లేచే బొబ్బలకు ఇదే కారణం, రోల్ నాణ్యత కాదు.

ఏ మెంబ్రేన్, ఎన్ని రోల్స్

మన ఎండకు ఏపీపీ (ప్లాస్టిక్ కలిపిన) రకం తారు మెంబ్రేన్ నప్పుతుంది. దాని మెత్తబడే వేడి 150 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పిట్టగోడ మీద నుంచి జారదు. ఎస్‌బీఎస్ (రబ్బరు కలిపిన) రకానికి సాగుడు గుణం ఎక్కువ, అది చలి ప్రాంతాలకు మేలు. లోపలి బట్ట పాలిస్టర్‌ది అడగండి. ఫైబర్ గ్లాసుది తక్కువ ధరకు వస్తుంది కానీ కదలికకు తట్టుకోదు, చిరుగుతుంది.

మందం సంగతి డాబా వాడకాన్ని బట్టి ఉంటుంది. పల్లీలు, కందులు, మిర్చి ఎండబోసే ఇల్లయినా, ఎండాకాలం మంచాలు వేసుకుని పడుకునే ఇల్లయినా తారు షీటును బయటికి వదిలేయకూడదు. మంచం కోళ్లు, పారలు దాన్ని చీలుస్తాయి. అలాంటి చోట 3 మి.మీ. షీటు వేసి పైన సిమెంటు కప్పు వేయాలి. ఎవరూ ఎక్కని డాబా అయితే పైన రాతి పలుకులు అద్దిన 4 మి.మీ. రకం చాలు, ఆ పలుకులే ఎండ నుంచి కాపాడతాయి. నల్లటి నున్నటి షీటును ఏ కప్పూ లేకుండా ఎండకు వదిలితే కొన్నేళ్లకే పెళుసై మొసలి చర్మంలా పగులుతుంది.

రోల్ కొలత 1 మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు. 3 మి.మీ. రోల్ 30 కిలోలకు, 4 మి.మీ. రోల్ 40 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. షాపులోనే ఒకటి తూకం వేసి చూడండి. మందం తక్కువ సరుకైతే కాటా మీదే బయటపడుతుంది. తెచ్చాక నిలబెట్టి నీడలో ఉంచాలి. ఒకదాని మీద ఒకటి పడేస్తే చదునై, విప్పినప్పుడు అలలు అలలుగా వస్తుంది.

ఇప్పుడు లెక్క. 1200 చదరపు అడుగులంటే 111.5 చదరపు మీటర్లు. పక్కన 10 సెం.మీ., చివరన 15 సెం.మీ. ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది కాబట్టి రోల్ నికరంగా కప్పేది 8.8 చదరపు మీటర్లే. నేలకు 12.7 రోల్స్. పిట్టగోడ చుట్టుకొలత 140 అడుగులు, అంటే 42.7 మీటర్లు. దీనికి రోల్‌ను అడ్డంగా అర మీటరు ముక్కలుగా కోసి వాడతారు. ఒక్కో ముక్క 90 సెం.మీ. గోడను కప్పుతుంది, 48 ముక్కలు కావాలి, అవి 2.4 రోల్స్. 3 అడుగులకు 4 అడుగుల స్కైలైట్ ఒకటుంటే గట్టుకు, మూల ముక్కలకు 0.4 రోల్. మొత్తం 15.5. తరుగు కలిపి 17 రోల్స్ తెచ్చుకోండి. ప్రైమర్ (షీటు బాగా అంటడానికి ముందు పూసే పూత) చదరపు మీటరుకు పావు లీటరు చొప్పున 20 లీటర్ల డబ్బాలు రెండు. టార్చికి (షీటును వేడిచేసే గ్యాసు మంట గొట్టం) 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు దగ్గరుంచుకోవాలి. ఇంట్లో వంట సిలిండర్ ఈ పనికి వాడటం చట్టరీత్యా తప్పు.

పైపు నోళ్లు, నేల, అంచులు

నేలను ఊడ్చి, బ్లోయర్‌తో దుమ్ము లేపి, ప్రైమర్ ఒక పూత వేయండి. మన ఎండకు మూడు నాలుగు గంటల్లో ఆరుతుంది. వేలు పెడితే అంటుకోకూడదు. ఎంత పరచగలరో అంతకే పూయండి. రాత్రంతా వదిలేసి దుమ్ము పడిన ప్రైమర్ మీద షీటు అంటదు.

పైపు నోళ్లతో మొదలుపెట్టాలి. అర మీటరు చదరం ముక్కను పల్లంలో అంటించి, నడుమ నక్షత్రంలా చీల్చి ఆ చీలికలను పైపు లోపలికి కనీసం 3 ఇంచులు దించాలి. నేల మీది పెద్ద షీటు దీని మీదికి వచ్చి, అదీ లోపలికి మడవాలి. పైపు పీవీసీది అయితే మంట తగలగానే ముడుచుకుపోతుంది. నోట్లో ఒక జీఐ (జింకు పూత ఇనుము) తొడుగు ముందే కూర్చోబెట్టి ఉంచాలి, లేదా ముక్కను పక్కన వేడిచేసి తెచ్చి చేత్తో ఒత్తాలి. చివరికి జాలీ పెట్టాలి, గోపురంలా పైకి లేచినది. చదును జాలీ నాలుగు ఆకులకే మూసుకుపోతుంది.

నేల షీటు ఎప్పుడూ పల్లం నుంచి మెరకకు. మొదటి వరుస పైపు వైపు, తర్వాతి వరుస దాని మీదికి 10 సెం.మీ. ఎక్కుతూ. అప్పుడే పారే నీరు అతుకు మీదుగా జారిపోతుంది, అతుకులోకి దూరదు. పెంకుటిల్లు నేసేవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు. పక్క పక్క వరుసల చివరి అతుకులు ఒకే గీతలోకి రాకుండా కనీసం అర మీటరు జరపాలి.

రోల్‌ను ముందు పూర్తిగా విప్పి వరుస సరిచూసుకుని, సగం వరకు తిరిగి చుట్టి, అక్కడి నుంచి కాల్చుకుంటూ రావాలి. టార్చి మంటను రోల్ కింది ముఖానికీ నేలకూ కలిపి, ఎల్ అక్షరంలా అటూ ఇటూ ఆడిస్తుండాలి. ఒక చోట నిలపకూడదు. కింది ముఖం మీది పల్చని ప్లాస్టిక్ పొర ముందు ముడుచుకుని, కరిగి, మాయమవుతుంది. దాని వెనకే తారు నల్లగా మెరుస్తూ పలచటి తడి పొరలా కదులుతుంది. సరిగ్గా అప్పుడు రోల్‌ను ముందుకు తోయాలి. మెరుపు రాకముందే తోస్తే అంటదు. దాటిపోయేదాకా కాలిస్తే పొగ లేచి లోపలి తెల్ల బట్ట కనపడుతుంది, ఆ చోటు చచ్చిపోయినట్టే, మీద అతుకు వేయాల్సిందే. అతుకుల దగ్గర రోలర్‌తో ఒత్తితే అంచు వెంట పెసరగింజ నుంచి శనగగింజంత తారు బయటికి ఉబికి రావాలి. అలా ఉబికిన నల్ల గీత అతుకు పొడవునా తెగకుండా ఉంటే అది పట్టుకుంది. తెగిన చోట మళ్లీ వేడిచేయాలి. చల్లారాక మొద్దు తాపీ కొనతో ప్రతి అతుకునూ గుచ్చి చూడండి, ఎక్కడా దూరకూడదు. మూడు షీట్లు కలిసే చోట కింది షీటు మూలను ఐమూలగా కత్తిరించకపోతే అక్కడ మందం పెరిగి సన్నని సొరంగం మిగులుతుంది.

సిలిండర్ నిలబెట్టి మంటకు 3 మీటర్ల దూరంలో ఉంచాలి. కాళ్లకు బూట్లు, ఒంటి మీద నూలు బట్టలు. టెర్లిన్ చొక్కా మీద కరిగిన తారు పడితే చర్మంతో సహా వస్తుంది. మంటలార్పే డబ్బా డాబా మీదే ఉండాలి, కింద బండిలో కాదు.

తర్వాత పిట్టగోడ ముక్కలు. నేల మీద 15 సెం.మీ., గోడ మీద గాడి దాకా, చివర గాడిలోకి. చాలా పొడవు ముక్క పెడితే బరువుకు జారుతుంది, అందుకే మీటరు ముక్కలే. గాడిలో షీటును అల్యూమినియం పట్టీతో, అడుగుకో మేకు చొప్పున బిగించి, మిగిలిన ఖాళీని సీలెంట్‌తో పూడ్చి, పైన గిలాబు చేయాలి. గాడి కోయకుండా షీటు చివరను గోడ పైన ఊరికే అంటించి వదిలేస్తే రెండు వేసవులకు పై అంచు తెరుచుకుని, గోడ మీద జారే వాన నీరంతా షీటు వెనక్కి పోతుంది.

ఇక్కడ ఎవరూ చూడని ఇంకో దారి ఉంది: పిట్టగోడ నెత్తి. ఇటుక గోడ పైభాగంలో పర్రెలుంటే నీరు అక్కడ దూరి, గోడ లోపలి నుంచే దిగి, మెంబ్రేన్ కింద నుంచి స్లాబులోకి వస్తుంది. అంత ఖర్చుపెట్టినా ఇల్లు ఉరుస్తూనే ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. నెత్తిని లోపలి వైపు వాలుగా, రెండు వైపులా ఇంచున్నర ముందుకు వచ్చేలా తాండూరు బండతో కప్పి, బండ అడుగున అంచు వెంట సన్నని గాడి కోయించండి. నీరు ఆ గాడి దాటి గోడ వైపు పాకలేదు.

స్కైలైట్

పాత మిద్దెలకు గవాచి, అంటే వెలుతురు కోసం వదిలిన కన్నం, ఉండేది. వాన వస్తే పైన బండ మూసేవాళ్లు. చుట్టూ మట్టి గట్టు ఎత్తుగా ఉండేది కాబట్టి పారే నీరు లోపలికి వచ్చేది కాదు. ఇప్పటి స్కైలైట్లకు జరిగే అన్యాయం ఆ గట్టు లేకపోవడమే. ఫ్యాబ్రికేటర్ వచ్చి ఫ్రేమును స్లాబు మీదే బోల్టులతో బిగించి, చుట్టూ సిమెంటు మెత్తి, దాని మీద సిలికాన్ గీత గీసి వెళ్లిపోతాడు. ఇనుముకూ సిమెంటుకూ వేడికి సాగే తీరు ఒకటి కాదు, గ్లాసు ఇంకో తీరు. మొదటి వేసవికే ఆ గీత వదులుతుంది.

సరైన వరుస ఇది: గట్టు, గట్టు మీదికి మెంబ్రేన్, దాని మీద ఫ్రేము, ఆఖరికి గ్లాసు. మంట పని మొత్తం అయ్యాకే ఫ్రేము డాబా మీదికి ఎక్కాలి.

ఉన్న స్లాబుకు కొత్తగా కన్నం కోయాలంటే ఇంజనీరు రాసిచ్చిన చోటే కోయాలి. బీము దగ్గర, రాడ్లు ఎక్కువున్న చోట కోస్తే స్లాబు బలం పోతుంది. కొత్త ఇల్లయితే స్లాబు పోసే రోజే పెట్టె వదిలి, కన్నం నాలుగు వైపులా, మూలల్లో ఐమూలగా అదనపు రాడ్లు వేయించుకోవాలి. పిట్టగోడకు రెండడుగుల లోపు పెట్టొద్దు, టార్చి పట్టిన చెయ్యి దూరదు. పైపు వైపు నీళ్లు చేరే పల్లంలో అసలే వద్దు. గ్లాసు వాలు ఉత్తరానికి ఉంటే వేడి తక్కువ, పడమటికి పెడితే సాయంత్రాలు గది పొయ్యిలా ఉంటుంది.

గట్టు 4 ఇంచుల మందం, పూర్తయిన నేల నుంచి కనీసం 9 ఇంచుల ఎత్తు, ఆర్‌సీసీతో పోయాలి. ఇటుకలు పనికిరావు, అవి నీరు పీలుస్తాయి. అడుగుకో 8 మి.మీ. రాడ్డు స్లాబులోకి 3 ఇంచులు దింపి ఎపాక్సీ జిగురుతో పట్టించి, స్లాబు ముఖం గీకి సిమెంటు పాలు పూసి 1:1.5:3 కాంక్రీటు వేయాలి. ఒకవైపు గోడ ఎదుటి దానికన్నా 6 ఇంచులు ఎత్తు ఉంటే 4 అడుగుల గ్లాసుకు చాలినంత వాలు వస్తుంది. డాబా మెరక వైపు నుంచి వచ్చే నీరు గట్టుకు కొట్టుకుని ఆగకుండా, ఆ వైపు నేల మీద ఎద్దు మూపురంలా చిన్న సిమెంటు దిబ్బ చేసి నీటిని రెండు పక్కలకూ మళ్లించాలి.

ఇక మూల. గట్టు బయటి మూల దగ్గర షీటును మడవాలంటే కింది భాగాన్ని చీల్చక తప్పదు. చీల్చగానే సరిగ్గా మూల మొదట్లో గోరంత త్రికోణం ఖాళీగా మిగులుతుంది. స్కైలైట్ పక్కన గోడకు చెమ్మ దిగిందంటే చాలాసార్లు ఆ గోరంత ఖాళీ నుంచే. అందుకు రెండు ముక్కలు కావాలి. మొదట 15 సెం.మీ. చదరం ముక్కను రెండు వైపులా మెత్తబడేదాకా వేడిచేసి, చేతికి తోలు గ్లౌజు వేసుకుని, మూల చుట్టూ బొటనవేలితో లాగుతూ ఒత్తాలి. సగం గట్టు మీద, సగం నేల మీద ఉండాలి. తర్వాత గట్టు పక్క షీట్లు, ఒక్కోటి మూల దాటి 10 సెం.మీ. తిరగాలి, పైన గట్టు నెత్తిని పూర్తిగా కప్పి లోపలి అంచు దాకా రావాలి. చివరికి చీలిక మీద అలాంటిదే రెండో ముక్క. దాని అంచులను వేడి తాపీతో నొక్కి, తారు ఉబికేలా చూడాలి. నాలుగు మూలలకు ఒక మనిషికి గంటన్నర పడుతుంది. పావుగంటలో అయిపోయిందని చెబితే ఒప్పుకోకండి.

ఫ్రేము గట్టు నెత్తిని దాటి బయటికి కనీసం ఇంచున్నర రావాలి, అక్కడి నుంచి అల్యూమినియం రేకు అంచు 3 నుంచి 4 ఇంచులు కిందికి దిగి మెంబ్రేన్‌ను కప్పాలి. గొడుగు అంచులాంటిది ఇది. ఇది సరిగ్గా ఉంటే సిలికాన్ మీద ఆధారపడే పని ఉండదు. ఫ్రేమును బిగించే స్క్రూలు గట్టు పక్కల నుంచి రేకు కింద పడాలి. నెత్తి మీద నిలువుగా వేస్తే ప్రతి స్క్రూ మెంబ్రేన్‌కు ఒక చిల్లే. తారుకు సిలికాన్ అంటదు, పైగా తారు నూనెకు దాని రంగు చెడుతుంది, ఆ రెండూ కలిసే చోట బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) వాడాలి. ఫ్రేముకూ గ్లాసుకూ మధ్య రబ్బరు గ్యాస్కెట్, దాని పైన న్యూట్రల్ రకం సిలికాన్. వెనిగర్ వాసన వేసే చవక రకం జీఐని తినేస్తుంది, లామినేటెడ్ గ్లాసు (ప్లాస్టిక్ పొరతో అంటించిన రెండు గ్లాసులు) మధ్య పొరనూ పాడుచేస్తుంది. జాయింటు 8 మి.మీ. వెడల్పుంటే సిలికాన్ లోతు 4 మి.మీ. చాలు, అడుగున నురగ తాడు పెట్టాలి. అంచుకు మూడు వైపులా అంటిన సిలికాన్ సాగలేక చిరుగుతుంది. పల్లపు వైపు ఫ్రేములో 6 మి.మీ. చిల్లులు రెండు ఉంచాలి, లోపలికి దిగిన కాస్త నీరు వాటి గుండా బయటికి పోతుంది. పెయింటరో, మీరో వాటిని చీమలొస్తాయని మూసేస్తే నీరు గదిలోకి వస్తుంది.

తల మీద ఉండే గ్లాసు లామినేటెడ్‌దే అయి ఉండాలి, పగిలినా ఊడిపడదు. ఈ కొలతకు 6 మి.మీ. గ్లాసులు రెండు కలిపినది సరిపోతుంది. ఒంటి పొర టఫెన్డ్ గ్లాసు పగిలితే గింజలుగా కింద ఉన్నవాళ్ల మీద రాలుతుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లలో కన్నానికి ఇనుప గ్రిల్లు కూడా వేయించండి. గ్లాసుకు బదులు పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు వేస్తే, మీటరుకు 50 డిగ్రీల తేడాకు 3 మి.మీ. పైనే సాగుతుంది. స్క్రూ కంటే రంధ్రం 4 మి.మీ. పెద్దది చేయకపోతే స్క్రూ చుట్టూ పగులుతుంది. ఎండను ఆపే పొర ఉన్న ముఖం పైకి, లోపలి గొట్టాలు వాలు వెంట కిందికి ఉండాలి.

పరీక్ష, కప్పు

పైపులు మూసి డాబా మీద 2 ఇంచుల నీళ్లు 48 గంటలు నిలపండి. కప్పు వేయకముందే ఇది చేయాలి, తర్వాత లోపం దొరకదు. స్కైలైట్‌ను పైపుతో తడిపేటప్పుడు ముందు గట్టు అడుగున పది నిమిషాలు, తర్వాత పక్కలు, చివరికి గ్లాసు మీద. ఒకేసారి అంతా తడిపితే కారింది ఎక్కడో తెలియదు. చలికాలం తెల్లారుజామున గ్లాసు లోపలి వైపు బిందువులు కనపడితే అది ఉరవడం కాదు, గదిలోని ఆవిరి. కాస్త గాలి ఆడేలా చేస్తే పోతుంది.

పరీక్ష నిలిచాక, నడిచే డాబా అయితే చదరపు మీటరుకు 120 గ్రాములు తూగే జియోటెక్స్‌టైల్ (సింథటిక్) బట్ట పరిచి, దాని మీద 40 మి.మీ. సిమెంటు వేసి, 4 అడుగులకో జాయింటు విడవాలి. పైన తెల్ల కూలింగ్ టైల్స్ వేస్తే కింద గదికీ మేలు. జాయింట్లు పిట్టగోడ వెంట కూడా ఉండాలి. లేకపోతే సాగిన టైల్స్ గోడను నెట్టి, అక్కడి మెంబ్రేన్‌ను చింపుతాయి.

ఇక ఈ డాబా మీద డిష్ యాంటెనాకు, బట్టల తీగ కంబానికి, సోలార్ స్టాండుకు బోల్టు కొట్టనివ్వకండి. కాంక్రీటు దిమ్మె మీద నిలబెట్టి బరువుతో ఆపాలి. మృగశిరకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి ఎక్కి పైపు జాలీలు, గాడి సీలెంట్, స్కైలైట్ చిల్లులు చూడండి. పిట్టగోడలో రావి మొక్క మొలిస్తే వేలెడు ఉన్నప్పుడే తీయాలి, ముదిరాక లాగితే గోడతో పాటు షీటూ లేస్తుంది. షీటు మీద బొబ్బ కనపడితే సూదితో గుచ్చి వదలొద్దు. ఇంటూ గుర్తులా కోసి, నాలుగు రేకులు విప్పి, లోపల పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ అంటించి, చుట్టూ 15 సెం.మీ. ఎక్కువ ఉండే ముక్కతో కప్పాలి. అందుకని మిగిలిన రోల్ ముక్కను పారేయక ఇంట్లో నీడలో నిలబెట్టి ఉంచుకోండి.